రుషికుల్య ఒడ్డు పొలంలో మెటల్ డిటెక్టరుకు దొరికిన నాణేలు: జౌగడ వైపు వెళ్లవచ్చునా?

రుషికుల్య ఒడ్డువాడు (బరంపురం):

సభ్యులందరికీ నమస్కారం. పురుషోత్తమపూర్‌కు కొద్ది దూరంలో, రుషికుల్య ఒడ్డున మాకు రెండున్నర ఎకరాల మెట్ట ఉన్నది. గత నెలలో మా మేనల్లుడు ఒక మెటల్ డిటెక్టరు కొన్నాడు. ఇంగ్లండులో దున్నిన పొలాలలో ఆ యంత్రం పట్టుకొని తిరిగేవారు రోమన్ల నాటి నాణేలు పైకి తీసే వీడియోలను వాడు ఏడాదిగా చూస్తున్నాడు. ఆ పిచ్చి ముదిరి ఇంతవరకు వచ్చింది.

రెండు ఆదివారాలు మా పొలంలోనే తిరిగితే లెక్కలేనన్ని మేకులు, ఒక కొడవలి ముక్క, సీసా మూతలు, వాటితో పాటు నాలుగు రాగి నాణేలు దొరికాయి. మొదటిది పెద్దది, బరువైనది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలూ 48 అనే అంకె కనిపిస్తున్నాయి. తరువాతి రెండూ చిన్నవి, బాగా అరిగిపోయినవి. వాటిలో ఒకదాని మీద మూడు అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసినట్లు ఉన్నాయి. ఈ మూడూ వేర్వేరు చోట్ల, జానెడు లోతులోపల దొరికాయి. నాలుగోది సరైన గుండ్రం కూడా కాదు. నిలబడిన మనిషి బొమ్మ రెండు వైపులా ఉన్నట్లు అనిపిస్తున్నది. అది పొలం పడమటి గట్టు దగ్గర, ఒక పగిలిన కుండ అంచు పక్కన దొరికింది. అక్కడ యంత్రం ఇంకా గట్టిగా మోగుతూనే ఉన్నది. నేను వాణ్ణి ఆపి, పైన మట్టి కప్పించాను.

ఇవి ఏ కాలం నాటివో, వీటిని మేము ఉంచుకోవచ్చునో లేదో తెలిసినవారు చెప్పగలరు. మా అమ్మగారు వీటిని చింతపండుతో తోముతానంటున్నారు. నేను రెండు రోజులుగా అడ్డుపడుతున్నాను. అసలు చిక్కు మరొకటి ఉన్నది. వచ్చే ఆదివారం జౌగడ మట్టి కోట గోడల దగ్గరకు, ఆ తరువాత గంజాం ఊళ్లోని పొటగడ కోటకు యంత్రం తీసుకువెళదామని మావాడు బయలుదేరుతున్నాడు. "వద్దురా" అంటే "ఎందుకు వద్దు మామయ్యా?" అని అడుగుతున్నాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

పర్లాకిమిడి వకీలు:

మీరు కుండ దగ్గర ఆపించడం చాలా మంచి పని. ముందుగా జౌగడ సంగతి చెబుతాను. అది కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న స్థలం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా ఎవరూ తవ్వకూడదు, ఆ నేల సొంత పట్టా భూమి అయినా సరే. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి 2010 సవరణ తరువాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రాష్ట్ర రక్షణలోని కట్టడాలకు ఒడిశాలో 1956 నాటి చట్టం వేరుగా ఉన్నది. పొటగడ విషయంలో చట్టం దాకా కూడా పోనక్కరలేదు. అది మీ మేనల్లుడి నేల కాదు, అంతే.

ఇక మీ సొంత పొలం సంగతి. దీనికి వర్తించేది 1878 నాటి నిక్షేపాల చట్టం. నేలలో దాగి ఉన్న, విలువ గల ఏ వస్తువైనా దాని ప్రకారం నిక్షేపమే. దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు ఆ వస్తువు ఏమిటో, సుమారు విలువ ఎంతో, ఎక్కడ, ఏ తేదీన దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ పది రూపాయల హద్దు ఇన్నేళ్లలో మారలేదు. అప్పట్లో పది రూపాయలంటే ఒక కుటుంబానికి నెల గడిచే సొమ్ము, ఇప్పుడు ఒక టీ ఖరీదు. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని జామీను ఇవ్వాలి. తెలిసి కూడా తెలియజేయకపోతే ఏడాది వరకు జైలు పడవచ్చు.

తెలియజేస్తే వస్తువు పోయినట్లేనని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నుంచి ఆరు నెలల లోపు ఒక తేదీ పెట్టి, హక్కుదారులెవరైనా ఉంటే రమ్మంటారు. యజమాని ఎవరూ తేలకపోతే ఆ నిక్షేపం దొరికినవాడికీ నేల యజమానికీ చెందుతుంది. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే దొరికినవాడికి మూడు వంతులు, నేల యజమానికి నాలుగో వంతు. అంటే మీ ఇంట్లో మేనల్లుడికి ముప్పాతిక, మామయ్యకు పాతిక! ఇంటి ఆడవాళ్లకు ఈ లెక్క ఇప్పుడే చెప్పకండి. అయితే ప్రభుత్వం ఆ వస్తువును మ్యూజియానికి తీసుకోదలచుకుంటే, దానిలోని లోహం విలువకు మరో అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. చెల్లించేది లోహం వెల మాత్రమే, నాణేల బజారు వెల కాదు. ఈ చట్టం మీద సేకర్తలకు ఉన్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే, అది అన్యాయమైన ఫిర్యాదని నేను అనను.

మీ మేనల్లుడు చూసే ఇంగ్లండు వీడియోలలో కనబడని భాగం కూడా ఒకటి ఉన్నది. అక్కడ నేల యజమాని అనుమతి లేనిదే ఎవరూ యంత్రం దింపకూడదు. రక్షిత స్థలంలో అయితే తవ్వడం మాట అటుంచి, అనుమతి లేకుండా డిటెక్టరు వాడటమే 1979 నాటి చట్టం కింద నేరం. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధిగా లెక్కకు వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల లోపల కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి.

నాణేల డబ్బా (ఇచ్ఛాపురం):

అయ్యా, మొదట మీ అమ్మగారి చేతిలోని చింతపండును మర్యాదగా తీసి వంటింట్లో పెట్టండి. రాగి మీద ఏర్పడిన గట్టి పచ్చటి పొర, మనం చిలుము అనేది, దాదాపు నాణెం ఉపరితలమే అయి ఉంటుంది. అక్షరాలూ బొమ్మలూ తరచుగా ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. పులుపుతో తోమితే నాణెం పెళ్లి చెంబులా మెరుస్తుంది, దాని మీది చరిత్ర మాత్రం కాలువలో కలుస్తుంది. మా నాన్నగారి పెట్టెలోని పన్నెండు నాణేలను నేను పదిహేనేళ్ల వయసులో అలాగే తోమాను. ఆ పన్నెండింటిలో ఈనాడు నేను చదవగలిగినవి రెండే. మీరు చేయవలసిందల్లా మామూలు నీటిలో మట్టి నానబెట్టి, మెత్తని కుంచెతో తడిపి తీసి, నీడలో పూర్తిగా ఆరబెట్టడమే. లేత ఆకుపచ్చ పొడి రాలుతున్న నాణెం ఏదైనా ఉంటే దానిని మిగిలిన వాటితో కలపకండి. ఆ పొడి ఉప్పు వల్ల లోహాన్ని లోపలి నుంచి తినే జబ్బు, తడి తగిలినకొద్దీ పెరుగుతుంది. ప్లాస్టిక్ కవర్లకన్నా కాగితపు కవర్లు మేలు.

నాణేలను చేతిలోకి తీసుకొని చూడకుండా గట్టిగా చెప్పకూడదు గాని, 48 అంకె ఉన్నదాని గురించి నాకు పెద్దగా అనుమానం లేదు. అది ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసమే కొట్టించిన రాగి నాణెం. అలాంటివి 48 అయితే ఒక రూపాయి అని దాని మీదే రాసి ఉంటుంది. 1794, 1797 సంవత్సరాలవి కనిపిస్తాయి. వాటిని కొట్టినది ఈ దేశంలో కాదు, ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గరి సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాలతో. గంజాం అప్పుడు ఉత్తర సర్కారులలో భాగం కనుక ఇవి మన పొలాలలో దొరకడంలో వింత లేదు. మూడు అక్షరాలు పెనవేసినది డచ్చి కంపెనీ దుడ్డు అయి ఉండవచ్చు. వి, ఓ, సి అనే అక్షరాల కింద సంవత్సరం ఉంటుంది, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చూడండి.

నాలుగో నాణెం దగ్గర నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రెండు వైపులా నిలబడిన మనిషి, సరిగా గుండ్రం కాని రాగి, పక్కన కుండ అంచు అని మీరు రాసిన మూడు మాటలూ కలిస్తే పూరీ కుషాణ నాణేలు అని పిలిచే రకం గుర్తుకు వస్తుంది. అవి క్రీస్తు శకం తొలి శతాబ్దాలకు చెందినవిగా చెబుతారు. కుషాణుల నాణేలను చూసి కళింగ తీరంలో పోతపోసినవి. అవి ఒకటి రెండుగా కాక కుప్పగా పాతినవి దొరికిన సందర్భాలు ఒడిశా తీరంలో ఉన్నాయి. మీ గట్టు దగ్గర యంత్రం ఇంకా మోగుతున్నదంటే అక్కడ మరికొన్ని ఉండవచ్చు, లేదా ఒక పాత నాగలి కర్రు ఉండవచ్చు. ఏది ఉన్నా, అక్కడ ఇక పార పెట్టకండి.

ఎందుకంటే ఒక నాణెం ధర చెప్పడానికి నాణెం చాలు, అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పడానికి మాత్రం చుట్టూ ఉన్న మట్టి కావాలి. కుండ ఆకారాన్ని బట్టి, దాని మూతను బట్టి, లోపల నాణేలు ఏ వరుసలో పేర్చి ఉన్నాయన్నదానిని బట్టి కాలం తేలుతుంది. పైన మట్టి పొర దెబ్బతిన్నదా లేదా అన్నదానిని బట్టి దాచినది ఒక్కసారేనా, పలుమార్లా అన్నది తెలుస్తుంది. మీ మేనల్లుడికి 1992 నాటి హాక్సన్ కథ చెప్పండి, వాడికి తప్పక నచ్చుతుంది. ఇంగ్లండులోని సఫోక్‌లో ఒక రైతు సుత్తి పొలంలో పోయింది. దానిని వెదకడానికి ఒక మిత్రుడు డిటెక్టరు తీసుకువెళితే రోమన్ల నాటి బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. ఆయన మొత్తం తవ్వి ఇంటికి తీసుకుపోలేదు, పైన దొరికిన వాటితోనే ఆగి కబురు చేశాడు. పురావస్తువారు వచ్చి మిగిలినది నేలలో ఉన్నది ఉన్నట్లు తీశారు కనుకనే, అవి పెట్టిన చెక్కపెట్టె కుళ్లిపోయినా దాని కొలతలు, లోపల ఏది ఏ మూల ఉన్నది తెలిశాయి. దాదాపు 15,000 నాణేలు. ఆ సుత్తి కూడా ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

ఒక మాట అదనంగా: ఏనాడైనా మీకు రాగి రేకులు, ఉంగరంతో గుచ్చినవి దొరికితే, వాటిని బంగారం కన్నా ఎక్కువగా చూసుకోండి. గంజాం తామ్ర శాసనం అని పేరుపడ్డది గుప్త శకం 300లో, అంటే క్రీస్తు శకం 619-20లో రాసినది. కొంగోద రాజ్యాన్ని ఏలిన మాధవరాజు గౌడ రాజు శశాంకుడికి సామంతుడని మనకు తెలిసింది ఆ రేకుల వల్లనే. పాత సామాన్లు కొనేవాడి తక్కెడలో దాని విలువ కిలో రాగి.

పాత దస్తావేజు (చికిటి):

వకీలుగారు చెప్పినదానితో నేను ఏకీభవించలేను. మా తాతల నాటి క్రయ దస్తావేజులన్నిటిలోనూ "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ తేజస్స్వామ్యములతో" అని రాసి ఉంటుంది. నిధి, నిక్షేపం అనే రెండు మాటలూ ఆ వరుసలో మొట్టమొదటివి. డబ్బు ఇచ్చి, స్టాంపు కాగితం మీద, రిజిస్ట్రారు ఎదుట కొనుక్కున్న హక్కు అది. ఇప్పుడు దానికి కలెక్టరుగారి అనుమతి ఏమిటి? ఇలా బెదిరించడం వల్లనే మన ప్రాంతంలో దొరికిన వస్తువులు రాత్రికి రాత్రి కరిగిపోతున్నాయి.

పర్లాకిమిడి వకీలు:

మీరు చివర చెప్పిన మాట నిజం, దానిని నేనూ కాదనను. పాతిక తులాల బంగారం దొరికినవాడు కచేరీ చుట్టూ ఆరు నెలలు తిరగడానికి భయపడి కంసాలి దగ్గరకు పోవడం మనకు కొత్త కాదు. కాని దస్తావేజులోని అష్టభోగాల మాట అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య ఒప్పందం. అమ్మినవాడు తనకున్న హక్కునే మీకు ఇవ్వగలడు గాని, చట్టం విధించిన బాధ్యతను తుడిచివేయలేడు. 1878 తరువాత రాసిన దస్తావేజులలో కూడా లేఖరులు పాత ధోరణిలో ఆ వరుసను దించుతూ వచ్చారు. ఆ రాత పూర్తిగా వ్యర్థమని కూడా అనను. నేల యజమాని ఎవరన్న ప్రశ్న కలెక్టరు ఎదుట వచ్చినప్పుడు అది మీకు పనికివచ్చే కాగితమే. రుషికుల్య ఒడ్డువారు కూడా తమ తాతల నాటి పత్రాలు ఉంటే బయటకు తీసి ఉంచుకోవడం మంచిది.

మొరం నేల (రాయగడ):

నేను ఈ యంత్రాన్ని నాలుగేళ్లుగా వాడుతున్నాను, చరిత్ర కోసం కాదు, బోరు పైపులు, పోయిన పట్టీలు, కాలువలో పడిన కమ్మలు వెదకడానికి. అందుచేత కోట గోడల మీద ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎలా పనిచేయదో చెప్పగలను. కింది చుట్టలో ప్రవాహం అటూ ఇటూ మారుతూ ఉంటే నేలలోని లోహంలో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి ప్రతిధ్వనిని యంత్రం పట్టుకుంటుంది. ఒక నాణెం జానెడు లోతు వరకు బాగానే దొరుకుతుంది, ఆ పైన సందేహమే. మన ఎర్ర మొరంలో ఇనుప ఖనిజం ఎక్కువ కనుక నేలే మోగుతుంది. నేలకు తగినట్లు యంత్రాన్ని సరిచేసుకోకపోతే ప్రతి అడుగుకూ నిధి ఉన్నట్లే ఉంటుంది. కాలిన ఇటుక మోగుతుంది, కొలిమి చిట్టెం మోగుతుంది. మేకుల మోతను వినపడకుండా చేసుకుంటే చాలా యంత్రాలలో సన్నని బంగారం మోత కూడా దానితో పోతుంది. గాంగ రాజుల నాటి బంగారు ఫణాలు అనే చిన్న నాణేలు ఉంటాయి చూడండి, నంది బొమ్మ ఒక పక్క, రాజ్య సంవత్సరం మరొక పక్క. అర గ్రాము కూడా తూగవు. మామూలు యంత్రం వాటి మీదుగా నడిచిపోతుంది.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే ఈ యంత్రానికి కుండపెంకు వినపడదు, బూడిద వినపడదు, ఇటుక వరుస వినపడదు. జౌగడలో మట్టి గోడను ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు పెంచారో తెలిసేది ఆ పొరల వల్లనే. 1956-57లో పురావస్తు శాఖ అక్కడ తవ్వినప్పుడు చదివినదీ వాటినే. ఒక మేకు కోసం గోడలో మూరెడు గొయ్యి తీస్తే ఆ పొరలు కలిసిపోతాయి, మళ్లీ ఎవరూ విడదీయలేరు. అక్కడ రాతి మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి; సమాప అనే ఆ నగరం అధికారుల కోసమే రాయించిన రెండు శాసనాలు కూడా వాటిలో ఉన్నాయి, కళింగ యుద్ధాన్ని వర్ణించే పదమూడవ శాసనాన్ని మాత్రం అక్కడ చెక్కలేదు. మీ మేనల్లుణ్ణి యంత్రం లేకుండా అక్కడికి తీసుకువెళ్లండి.

మరొక హెచ్చరిక కూడా ఉన్నది. మా రాయగడ, కొరాపుట్ వైపు, గజపతి కొండలలో, అడవి అంచున ఇలాంటి యంత్రంతో నేల వెదకుతూ తిరిగేవాణ్ణి పోలీసులూ అనుమానిస్తారు, ఊరివాళ్లూ అనుమానిస్తారు. మందుపాతరలు పాతిన చరిత్ర ఉన్న దారులలో మోగిన ప్రతిదీ నాణెం అని అనుకోవడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

టీ కొట్టు బెంచీ (ఆస్కా):

అందరూ చట్టం, చరిత్ర చెప్పారు. నేను ఊరి సంగతి చెబుతాను. మీ పొలంలో నాలుగు రాగి బిళ్లలు దొరికాయని మీరు టీ కొట్టులో చెబితే, సాయంత్రానికి అవి లంకెబిందెలు అవుతాయి, మరునాడు ఒకడు అంజనం వేస్తానని వస్తాడు, అమావాస్య నాటికి మీ పడమటి గట్టు అక్కడ ఉండదు. పొలం గుర్తులు ఇక్కడ రాసినంతవరకు చాలు, ఇంకా రాయకండి. ఫోటోలు పెడితే వెనుక తాటిచెట్టు కూడా కనపడకూడదు.

రుషికుల్య ఒడ్డువాడు:

అందరికీ కృతజ్ఞతలు. టీ కొట్టు బెంచీగారి మాట విన్న తరువాత నేను ఫోటోలు పెట్టడం మానుకున్నాను. నిన్న సాయంత్రం మా మేనల్లుడూ నేనూ కూర్చొని, ఒక్కొక్క నాణేన్ని ఒక్కొక్క కాగితపు కవరులో పెట్టి, పైన తేదీ, గట్టు నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు అన్నది రాశాము. మూడు నాణేలకు వాడికి చోటు జ్ఞాపకం ఉన్నది, చిన్న నాణేలలో ఒకదానికి మాత్రం లేదు. ఆ కవరు మీద వాడే "చోటు తెలియదు" అని రాసి, చాలాసేపు దానివైపే చూశాడు. ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే పెద్దదాని మీద 1797 స్పష్టంగా కనిపించింది. చింతపండు వంటింటికి చేరింది.

కలెక్టరుగారి పేర అర్జీ ఇంగ్లీషులో ఒకటి, ఒడియాలో ఒకటి రాయించాను. నాలుగు నాణేల వివరాలతో పాటు, గట్టు దగ్గర ఇంకా లోహం ఉన్నట్లు యంత్రం సూచిస్తున్నదనీ, మేము తవ్వకుండా ఆపామనీ అందులో చేర్చాను. సోమవారం ఛత్రపురం వెళ్లి ఇచ్చి, రసీదు తీసుకుంటాను. వకీలుగారూ, విలువ దగ్గర ఏమి రాయాలో తోచక ఖాళీగా వదిలాను; అక్కడ ఏమి రాయమంటారు?

పర్లాకిమిడి వకీలు:

ఖాళీగా వదలకండి, విలువ రాయడం చట్టం అడిగినదే. "లోహం విలువ పది రూపాయలకు మించుతుంది, పురాతన విలువ నిపుణులు నిర్ణయించవలసి ఉన్నది" అని రాయండి. అర్జీ మీద దొరికినవాడిగా మీ మేనల్లుడు, నేల యజమానిగా మీరు, ఇద్దరూ సంతకాలు చేయండి. రసీదు మీద తేదీ ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదలకండి.